ముసలిది పైకి తేలేదాకా

పడవ నడిపే రయిస్ మఫద్దల్ మూడు విషయాల గురించి మాట్లాడడు. తన ఎడమ చెవి ఏమైందో చెప్పడు. తమ్ముడు అయ్యాద్ ఎక్కడున్నాడో చెప్పడు. ముసలిది ఏదీ అన్న ప్రశ్నకు గత వేసవి నుంచి జవాబివ్వడం మానేశాడు. మర్సా రీహ్ రేవులో తన పడవ ఎక్కవచ్చిన ప్రతి గుంపుకూ ఈ సంగతి ముందుగా చెప్పి, ఆ తరువాతే లైఫ్ జాకెట్లు పంచుతాడు. తిమింగలాల గురించి ఇంకేది అడిగినా ఓపికగా వివరిస్తాడు. ఈ మూడింటి మీద ఎవరైనా పట్టుపడితే ఇంజను వేగం పెంచుతాడు. ఆ చప్పుడులో ప్రశ్న దానంతటదే మునిగిపోతుంది.

ఆయన చెప్పనిదంతా ఊరికి తెలుసు. ఊరికి తెలిసినంత మేరకే ఈ కథ.

కొన్నేళ్ళ కిందట ఆయన ఉదయాలన్నీ ఒకే తీరుగా ఉండేవి. భార్య సఫియా బీసారా గిన్నె తెచ్చి ముందు పెట్టేది. ఎండు చిక్కుడుగింజల ఆ చిక్కటి చారు మీద ఆలివ్ నూనె తేలుతూ ఉండేది. అందులో రొట్టె ముంచుకుంటూ మఫద్దల్ గుమ్మం వైపు చూసేవాడు. గుమ్మం పక్కన గొర్రెతోలు మీద తల్లి, లల్లా తామూ, కూర్చుని ఉండేది. ఆమె నాలుగైదు సార్లు వరసగా ఊపిరి తీసి, ఆపేసేది. టీ మరిగి, పుదీనా వేసి, గ్లాసుల్లో పోసేదాకా ఆమె రొమ్ము కదిలేది కాదు. తరువాత మళ్ళీ నాలుగైదు ఊపిరులు. ఆ వరసలు దగ్గరదగ్గరగా ఉంటే తిమింగలాల గుంపు వేటలో పరుగెడుతోందని అర్థం. ఎడం ఎక్కువగా ఉంటే తీరిగ్గా ఈదుతోందని అర్థం. ఆ రోజు పడవను తూర్పుకు తిప్పాలో పడమరకు తిప్పాలో మఫద్దల్ అక్కడే నిర్ణయించుకునేవాడు.

ఊరి ముందున్న జలసంధిలో ముసలి తిమింగలం పైకి తేలి ఊపిరి చిమ్మినప్పుడే ఒడ్డున లల్లా తామూ ఊపిరి తీసేది. అది మునిగితే ఈమె ఊపిరి ఆగేది. భర్త పడవను తిమింగలాలు విరగ్గొట్టి, అతను మునిగిపోయిన ఏటి నుంచీ ఇంతే. ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి, స్టెతస్కోప్ పెట్టి, తిమింగలం పైకి వచ్చేదాకా కూర్చుని, వచ్చాక విని, బాగుందని రాసుకుని వెళ్ళేది. చేపల బజారులో ఆమె బేరం మధ్యలో ఆగిపోతే అమ్మేవాడు ఈలోగా మరో ఇద్దరికి తూచి ఇచ్చి తిరిగి వచ్చేవాడు. ఎవరినైనా తిట్టడం మొదలుపెడితే సగం తిట్లు ఇప్పుడూ, సగం కాసేపాగీ తినవలసిందే. ఊరు ఆమె కోసం పాటించిన మర్యాద ఒక్కటే: లల్లా తామూ మాట పూర్తయ్యేదాకా ఎవరూ లేచి వెళ్ళరు.

పడవలో మఫద్దల్ యాత్రికులకు చెప్పే పాఠం చిన్నది. నలుపు తెలుపుల ఈ వేట తిమింగలాల గుంపుకు తల్లే పెద్ద. ఏ చేప ఏ నెలలో ఏ దారిన వస్తుందో ఆమెకు తెలుసు. కాన్పులు ఆగిపోయాక కూడా దశాబ్దాలు బతికి గుంపును నడిపిస్తుంది. పట్టిన చేపను కూతుళ్ళకూ మనవలకూ పంచుతుంది. కొడుకులు ఎంత పెద్దవాళ్ళయినా తల్లి పక్కనుంచి కదలరు. ఇక్కడికి వచ్చేసరికి ఒకసారి ఫెస్ నగరం నుంచి వచ్చిన ఒకావిడ, ఇది చూడడానికి ఇంత దూరం రావడం దేనికి, మా అత్తగారింట్లో రోజూ చూస్తున్నదేగా అంది. పడవంతా నవ్వింది. ఆమె భర్త నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు. తల్లి చనిపోతే ఆ కొడుకులు ఎక్కువ కాలం బతకరన్న మాటను మఫద్దల్ ఎప్పుడూ చివర్లో చెప్పేవాడు. అప్పటికి ఎవరూ నవ్వేవారు కాదు.

ఆయన ఒకప్పుడు ట్యూనా పట్టినవాడే. యాభై దాటాక గాలాలు వదిలి యాత్రికులను ఎక్కించుకున్నాడు. తమ్ముడు అయ్యాద్ మాత్రం వదలలేదు. "నువ్వు ఈ దొంగ తిమింగలాల్ని చూపించి బతుకుతున్నావు, నేను ఆ దొంగల చేతుల్లో దోపిడీ అయి బతుకుతున్నాను. అన్నదమ్ములం ఒకే కొట్టు మీద పడ్డాం" అనేవాడు. అప్పట్లో అది నవ్వుతూ అన్న మాట.

మర్సా రీహ్ వాళ్ళు ట్యూనాను వలలతో పట్టరు. గాలపు తాడుకు రాయి కట్టి లోతుకు వదులుతారు. అడుగు తగలగానే ఒక గుంజు గుంజితే రాయి ఊడిపోతుంది, ఎరలు పైకి లేస్తాయి. మనిషి కన్నా బరువైన చేప చిక్కుతుంది. దాన్ని అలసిపోయేదాకా ఆడించి పైకి లాగుతుండగా తిమింగలాలు వస్తాయి. మెడ దగ్గర తెంపుకుని పోతాయి. తాడు ఒక్కసారిగా తేలికవుతుంది. కళ్ళు తెరుచుకున్న తల ఒక్కటే పైకి వస్తుంది.

ఆ తలను అమ్మరు. సముద్రం మగవాణ్ణి తీసుకున్న ఇంటికి పంపుతారు. ఆ రోజు రేవులో ఉన్నవాళ్ళలో పెద్దవాడు దాన్ని గోనెపట్టాలో చుట్టి తీసుకువెళ్ళి, తలుపు తట్టి, ఇచ్చి తిరిగి రావాలి. లల్లా తామూ ఇద్దరు కొడుకులనూ ఆ తలల పులుసుతోనే పెంచింది.

అలాగని ఊరు తిమింగలాలను క్షమించిందని అనుకోకూడదు. పెట్రోలులో తడిపిన గుడ్డలకు నిప్పంటించి వాటి వీపుల మీదికి విసిరేవారు. కొక్కెం కర్రలతో కళ్ళు చూసి పొడిచేవారు. ఒక ఏడు ఒక పిల్ల తిమింగలం వీపు రెక్క సగానికి తెగి వేలాడుతూ కనిపించింది. అవీ ఊరుకోలేదు. పడవ కిందికి వచ్చి చుక్కానిని పళ్ళతో పట్టి విరిచేవి. చుక్కాని పోయిన పడవ ప్రవాహంలో పడి, పెద్ద ఓడలు తిరిగే దారిలోకి కొట్టుకుపోయేది. ముసలిదాని జోలికి మాత్రం ఎవరూ వెళ్ళేవారు కారు. ఎందుకని ఎవరూ ఎవరినీ అడగలేదు.

అయ్యాద్‌కు ఒక్కడే కొడుకు, మునీర్. ఇరవై దాటినవాడు. అప్పటిదాకా తండ్రితో ఎర్రచేపల వేటకే వెళ్ళాడు. ఎర్రచేపల గాలానికి తాడు సన్నగా ఉంటుంది. చేప ముట్టిన సంగతి చర్మానికి తెలియడం కోసం దాన్ని అరచేతికి చుట్టుకుంటారు. ట్యూనా తాడును ఎవరూ చుట్టుకోరు. ఆ సంగతి ఆ తీరంలో పళ్ళు రాని పిల్లలకు కూడా తెలుసు. మునీర్‌కు అది మొదటి ట్యూనా వేసవి. ఆ రోజు చిక్కిన చేప పెద్దది. తాడు తడికి జారిపోతోంది. యాత్రికులతో కొంచెం దూరంలో ఆగి ఉన్న మఫద్దల్‌కు తమ్ముడి కేక స్పష్టంగా వినిపించింది. చేతికి చుట్టుకో, జారనివ్వకు అని అరిచాడు అయ్యాద్. తొందరలో నోటికి వచ్చిన ఎర్రచేపల వేట అలవాటు అది.

మునీర్ చుట్టుకున్నాడు. అదే క్షణాన ముసలిది చేపను పట్టుకుని నిలువునా లోతుకు దిగింది. మునీర్ పడవ అంచుకు తగిలి, చెయ్యి ముందుగా, తల తరువాతగా, నీళ్ళలోకి పోయాడు. అరవడానికి కూడా వ్యవధి లేదు. అంచు మీద అతని పళ్ళు రెండు మిగిలాయి. కాసేపటికి తాడు తేలికైంది. లాగితే ట్యూనా తల వచ్చింది. మునీర్ రాలేదు, తరువాత కూడా దొరకలేదు.

ఆ సాయంత్రం రేవులో అందరికన్నా పెద్దవాడు మఫద్దల్. మరొకరిని పంపవచ్చునని కొందరు సూచించారు. ఆచారంలో అటువంటి వెసులుబాటు లేదని చెప్పి, ఆయన తలను గోనెపట్టాలో చుట్టుకుని తమ్ముడి ఇంటికి నడిచాడు. అయ్యాద్ తలుపు తీశాడు. చేతిలో ఇంకా కొక్కెం కర్ర ఉంది.

"ఏంటది?"

"నీకు తెలుసు. తీసుకో."

"తీసుకుపో అన్నా. నా ఇంటి ముందు పెట్టకు."

"అమ్మ కూడా తీసుకుంది, అయ్యాద్."

అయ్యాద్ గోనెపట్టా వైపు చూడలేదు. అన్న ముఖంలోకి చూశాడు. "నువ్వు దగ్గర్లోనే ఉన్నావు. నేనేమన్నానో విన్నావా?"

మఫద్దల్ తెత్వాన్ పట్నం బడిలో చదువుకున్నవాడు. అబద్ధం ఆడడం ఆయనకు అలవాటు కాలేదు. "విన్నాను. చేతికి చుట్టుకోమన్నావు" అన్నాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది చెవిని తీసుకుపోయింది. మఫద్దల్ చేతులెత్తలేదు, వెనక్కి కూడా జరగలేదు. అయ్యాద్ ట్యూనా తలను రెండు చేతులా ఎత్తి, రాళ్ళ మీద వేసి, కళ్ళూ దవడలూ ముద్ద అయ్యేదాకా కొక్కెంతో బాదాడు. వీధిలోని వాళ్ళు వచ్చి ఆరుగురు కలిసి పట్టుకున్నారు. ఆరుగురిలో ఇద్దరికి ముక్కులు పగిలాయి.

మఫద్దల్ చెవిని గుడ్డలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. తల్లి అప్పుడు ఊపిరి లేకుండా కూర్చుని ఉంది. సఫియా వేడినీళ్ళు పెట్టింది. కాసేపటికి లల్లా తామూ ఊపిరి తీసింది.

"చెవి పోతే పోయింది. నిజం చెప్పడానికి నీకు ఇంకో రోజు దొరకలేదా?" అంది.

ఆ చలికాలమంతా అయ్యాద్ కమ్మరి కొట్టులో కూర్చున్నాడు. పాత లారీ స్ప్రింగు పట్టీని కాల్చి, సాగదీసి, ముల్లుతో బల్లెం చేయించాడు. అది దేనికోసమో ఊరికి తెలుసు. దానివల్ల ఎవరి ఊపిరి ఆగిపోతుందో కూడా తెలుసు. కమ్మరి తల వంచుకుని కొలిమి ఊదాడు. మసీదులో పాఠాలు చెప్పే ఫకీ వచ్చి సహనం గురించి బోధించి, టీ తాగి వెళ్ళాడు. ఆ మాసాల్లో గుంపు ఉత్తరాన చలినీళ్ళలో ఉండేది కనుక, కుంపటి పక్కన కూర్చున్నా లల్లా తామూ నోటి నుంచి పొగమంచు వచ్చేది. అయ్యాద్ వారానికొకసారి వచ్చి, ఆ మంచు వైపు చూస్తూ కాసేపు కూర్చుని వెళ్ళేవాడు.

వేసవిలో ట్యూనాలు వచ్చాయి, వాటి వెనకే గుంపు వచ్చింది. ఒక ఉదయం మఫద్దల్ బీసారా తింటుండగా అయ్యాద్ లోపలికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. బల్లెం కూడా అక్కడే ఆనించాడు.

"యెమ్మా, దాన్ని ఇంక వదల్లేను. నీకు చెప్పకుండా వెళ్ళడం తప్పు, అందుకని వచ్చాను."

మఫద్దల్ లేచాడు. తల్లి అరచెయ్యి ఎత్తి కూర్చోమంది. చిన్నకొడుకు ముఖాన్ని చాలాసేపు చూసింది.

"వెళ్ళు. నేను ఆపను. నీ అయ్యని తీసుకుంది, నీ బిడ్డని తీసుకుంది. నా రోజులు నేను బతికాను." అక్కడితో ఆమె ఊపిరి అయిపోయింది. జలసంధిలో ముసలిది మునిగింది.

ఎవరూ కదలలేదు. సఫియా టీ కెటిల్‌ను చప్పుడు కాకుండా కింద పెట్టింది. ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో, అటువంటప్పుడు చేయవలసింది కూర్చోవడమే. అయ్యాద్ వంగి తల్లి చేతిని ముద్దుపెట్టుకున్నాడు. టోపీ తలకు పెట్టుకున్నాడు.

"కూర్చో. ఇంకా పూర్తి కాలేదు" అన్నాడు మఫద్దల్.

"నాకు కావలసింది విన్నాను" అని చెప్పి అయ్యాద్ బల్లెం తీసుకుని వెళ్ళిపోయాడు. లల్లా తామూ మాట మధ్యలో ఒక మనిషి లేచి వెళ్ళడం ఆ ఊరు ఎరిగినంతలో అదే మొదలు.

ముసలిది పైకి వచ్చినప్పుడు ఆమె ఆపిన చోటి నుంచే అందుకుంది. "తాడు మాత్రం చేతికి చుట్టుకోవద్దు. పడవకి కట్టుకో." చెప్పి, ఎదురుగా ఖాళీగా ఉన్న చోటు చూసింది. "వెళ్ళిపోయాడా?"

"వెళ్ళాడు."

"నా మాట అవకుండానే?" ఆమె ముఖంలో భయం కనిపించింది. ఊపిరి ఆగిన ఇన్నేళ్ళలో మఫద్దల్ దాన్ని చూడలేదు. "వెళ్ళి వాడికి మిగతాది చెప్పు" అంది.

రేవులో యాత్రికులు అప్పటికే పడవలో కూర్చుని, లైఫ్ జాకెట్లు కట్టుకుని ఉన్నారు. మెక్నెస్ పట్నం నుంచి వచ్చిన ఒక పెద్ద కుటుంబం, కొత్తగా పెళ్ళయిన ఒక జంట. వాళ్ళను దింపే సమయం లేదు. మఫద్దల్ తాడు విప్పి ఇంజనును పూర్తి వేగానికి తీసుకువెళ్ళాడు. ఆ రోజు పాఠం చెప్పలేదు. తూర్పుగాలికి అలలు లేచి ఉన్నాయి. పడవ ఎగిరెగిరి పడుతోంది. కుటుంబంలోని తాత వాంతి చేసుకుంటూనే, మావాళ్ళ కారు కన్నా ఇదే నయం, కనీసం గాలి తగులుతోంది అన్నాడు.

వాళ్ళు చేరేసరికి నీళ్ళ మీద రక్తం ఉంది. అది ట్యూనా రక్తం. అయ్యాద్ తనతో వచ్చిన ఇద్దరి చేత పట్టిన చేపను కోయించి, ఎరగా తాడుకు కట్టి ఈడ్పిస్తున్నాడు. తాను ముందు భాగంలో బల్లెంతో నిలబడ్డాడు. గుంపు చుట్టూ తిరుగుతోంది. పొడుగాటి రెక్కల కొడుకులు రెండు వైపులా, మధ్యలో ముసలిది.

మఫద్దల్ పడవను పక్కకు తెచ్చి, చేతులు నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు. తాడు చేతికి చుట్టుకోవద్దు అని అరిచాడు. గాలి ఆ మాటను చెడకుండా చేర్చింది. కానీ అది అమ్మ మాట అని చెప్పలేదు. అంతకు ముందు ఏడాది తలుపు దగ్గర చెవి తెగేటట్లు చేసిన మాట కూడా అదే. అయ్యాద్‌కు వినిపించింది అన్న ఎత్తిపొడుపు. అన్న కళ్ళలోకి చూస్తూ అతను బల్లెం తాడును ఎడమ మణికట్టుకు ఒకసారి చుట్టాడు. ఇంకోసారి చుట్టాడు.

ముసలిది ఊపిరి చిమ్మడానికి పైకి లేచింది. బల్లెం రెక్క వెనక దిగింది. కర్ర సగం దాకా లోపలికి పోయింది. ముసలిది అరవలేదు. ఒళ్ళంతా ఒక్కసారి ముడుచుకుని, తలకిందులై, లోతుకు దిగింది. తాడు పడవ అంచు మీద పొగలు కక్కుతూ జారి, చివరికి అయ్యాద్ దగ్గరికి వచ్చింది. అతని భుజం కీలు ఊడిన చప్పుడు పక్క పడవలోని వాళ్ళకు వినిపించింది. తరువాత అతను అక్కడ లేడు.

కొడుకు తిమింగలాలు రెండూ పడవ మీద పడ్డాయి. మొదటి గుద్దుకు చుక్కాని పోయింది. రెండో గుద్దుకు అడుగు చీలింది. అయ్యాద్ మనుషులిద్దరూ నీళ్ళలో పడ్డారు. ఒకడి కాలు పడవకూ తిమింగలానికీ మధ్య నలిగి, మోకాలు వెనక్కి మడిచినట్టయింది. మఫద్దల్ వాళ్ళను కొక్కెంతో జాకెట్లు పట్టి లాగాడు. మెక్నెస్ తాత వాంతి మరిచిపోయి వాళ్ళ చేతులందుకున్నాడు. కొత్త పెళ్ళికూతురు తన తలగుడ్డ చింపి ఆ కాలికి కట్టింది. పెళ్ళికొడుకు ఏడుస్తూ కూర్చున్నాడు.

ఒడ్డున లల్లా తామూ గుమ్మం పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒక్క ఊపిరి తీసి, ఆగింది. సఫియా అది గమనించి పొయ్యి ఆర్పి వచ్చి కూర్చుంది. పక్కింటివాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఎప్పుడూ ఆగేంతసేపు గడిచింది. దానికి రెట్టింపు గడిచింది. ఆమె పెదాలు నల్లబడ్డాయి. చేతిలోని కాయను మాత్రం వదలలేదు. చివరికి ఊపిరి తీసింది. వెంటనే మరొకటి తీసింది. ఆ వెంటనే మరొకటి. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు తీస్తున్నట్టే, ఆపకుండా, వరసగా తీస్తూ ఉండిపోయింది.

"నన్ను వదిలేసింది" అంది. చేతిలోని కాయను ఒలిచింది.

సముద్రంలో తాడు తెగింది. అయ్యాద్ బోర్లా తేలాడు. మఫద్దల్ అతన్ని పైకి లాగి, వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మీద రెండు చేతులూ వేసి నొక్కాడు. ఎడమ మణికట్టు మీద చర్మం లేదు, కింది ఎముక తెల్లగా కనిపిస్తోంది. నోట్లోంచి నీళ్ళు వచ్చాయి, ఊపిరి రాలేదు. ఇంకా నొక్కాడు. పక్కటెముక ఒకటి విరిగింది. మనిషి పోయాడు రయిస్, వదిలెయ్ అన్నారు నీళ్ళలోంచి తీసినవాళ్ళు.

కొంచెం దూరంలో ముసలిది పైకి తేలి, ఎర్రటి తుంపర చిమ్మింది. అయ్యాద్ ఊపిరి తీశాడు. అది మరోసారి చిమ్మింది, ఇతను మరోసారి తీశాడు. ముసలిది మునిగింది. అయ్యాద్ కళ్ళు తెరిచి, రొమ్ము కదలకుండా, ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాడు. మఫద్దల్ చేతులు తీసేసి పడవను ఒడ్డుకు తిప్పాడు. ఇంక నొక్కవలసిన పని లేదు.

గుమ్మం పక్కన గొర్రెతోలు మీద ఇప్పుడు అయ్యాద్ పడుకున్నాడు. నర్సు వచ్చి, స్టెతస్కోప్ అతని రొమ్ము మీద పెట్టి, పైకి తేలేదాకా కూర్చుని, విని, పాత కాగితంలో పేరు మార్చి రాసుకుంది. లల్లా తామూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంత తరచుగా ఊపిరి తీసుకుంటూ మీరంతా పనులెప్పుడు చేసుకుంటారని కోడలి మీద విసుక్కునేది. తిట్లు మాత్రం ఇప్పుడు ఒకే విడతలో పూర్తయ్యేవి.

తాను దించిన బల్లెం ముసలిదాని వీపులో ఉంది. ఆ గాయం మానుతుందో, కుళ్ళుతుందో అన్నదాని మీదే తన ప్రాణం ఉందని అయ్యాద్‌కు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. మఫద్దల్ రోజూ యాత్రికులను తీసుకువెళ్ళి, సాయంత్రం గుమ్మం దాటుతూ తమ్ముడికి ముసలిదాని గురించి ఒక్క మాట చెప్పేవాడు. తిన్నది అనేవాడు, లేకపోతే తినలేదు అనేవాడు. చెవి గురించి గానీ, మునీర్ గురించి గానీ, తాడు గురించి గానీ వాళ్ళ మధ్య మరో మాట నడవలేదు. తినలేదు అన్న రోజులు మొదట ఎక్కువగా ఉన్నాయి. తరువాత కొడుకులు ట్యూనా ముక్కలను తెచ్చి ముసలిదాని నోటి ముందు వదలడం మఫద్దల్ చూశాడు. వేసవి చివరికి బల్లెం ఊడి పడిపోయింది. రెక్క వెనక మనిషి గుప్పిలి పట్టేంత గుంట మిగిలింది.

లేచి నడవగలిగాక అయ్యాద్ పడవ కొనలేదు. ఇతరుల పడవల్లో ఎక్కి వెళ్ళి, తిమింగలాలకు అడ్డుగా నిలబడేవాడు. పెట్రోలు గుడ్డ అంటించినవాణ్ణి ఒకణ్ణి తెడ్డుతో కొట్టి దవడ విరగ్గొట్టాడు. మరొకణ్ణి రేవు గట్టు మీద మెడ పట్టుకుని, వాడు చచ్చాడనుకునేదాకా నీళ్ళలో ముంచి ఉంచాడు. నిన్నటి కసాయి ఇవాళ కాపరి అయ్యాడని రేవులో నవ్వుకున్నారు. ఎదురుగా మాత్రం ఎవరూ నవ్వలేదు. ముసలిది మునిగి ఉన్నప్పుడు కొట్లాట వస్తే అతనికి అలుపు తెలిసేది కాదు.

ఆకురాలే కాలంలో గుంపు ఉత్తరానికి కదిలింది. అక్కడి నీళ్ళలో విహారపు పడవలవాళ్ళు చుక్కానులు విరుగుతున్న కోపంతో తుపాకులు పట్టుకుని తిరుగుతున్నారని వార్తలు వచ్చేవి. అయ్యాద్ తల్లి చేతిని ముద్దుపెట్టుకుని, అవతలి ఒడ్డుకు దాటి, తీరం వెంబడి గుంపు వెనకే వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆమె మాట పూర్తయ్యేదాకా కూర్చున్నాడు. ఆమె చెప్పినది కూడా పెద్దదేమీ కాదు. చలికి మెడ కప్పుకోమంది.

రెండు చలికాలాల తరువాత లల్లా తామూ జ్వరంతో పోయింది, అందరూ పోయేటట్టే.

గత వసంతంలో అయ్యాద్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్షరాలు మఫద్దల్ నేర్పినవే. చిన్నతనంలో తమ్ముడి వేళ్ళు పట్టుకుని దిద్దించినవి. అందులో ఇలా ఉంది:

"అన్నకు సలాం. అమ్మ పోయినప్పుడు రాలేకపోయాను. మేం అప్పుడు చాలా లోతులో ఉన్నాం, కబురు ఆలస్యంగా అందింది. ఇక్కడ ఒకడు ముసలిదాని మీద తుపాకి కాల్చాడు. వాడి రెండు చేతులూ విరిచాను, అందుకు నన్ను కొన్నాళ్ళు లోపల పెట్టారు. గుండు తగిలిందో లేదో నాకు కనిపించలేదు. ఊపిరులు మాత్రం ఎడం అవుతున్నాయి. గుంపు ఇప్పుడు మీవైపు బయల్దేరింది. నేను వెంట రాలేను, ఇక్కడి నుంచి కదలనివ్వడం లేదు. నీకు కనిపిస్తుంది. పాతరోజుల్లో చెప్పినట్టే ఒక్క మాట రాయి. తిన్నదో, తినలేదో. అది చాలు."

వేసవిలో గుంపు వచ్చింది. ముందు కూతురు తిమింగలం ఈదుతోంది. వెనక కొడుకులిద్దరూ పక్కపక్కన వస్తున్నారు. వాళ్ళ మధ్య ఇంకొక తిమింగలం పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీని ఇద్దరూ చెదరనివ్వడం లేదు. కొంతసేపటికి పెద్దకొడుకు ఒక ట్యూనా ముక్కను తెచ్చి ఆ ఖాళీలో వదిలాడు. ముక్క కాసేపు అక్కడే ఊగి, తరువాత మెల్లగా తిరుగుతూ లోతుకు దిగిపోయింది. యాత్రికులు చప్పట్లు కొట్టారు. ముసలిది ఏదీ రయిస్ అని ఎవరో అడిగారు. మఫద్దల్ ఇంజను వేగం పెంచాడు.

వేసవి ముగిసేదాకా రోజూ వెళ్ళాడు. ఇంటికి వచ్చి, గుమ్మం దాటుతూ, ఖాళీ గొర్రెతోలు వైపు ఒకసారి చూసేవాడు. సఫియా బల్ల మీద కాగితం, కలం పెట్టి ఉంచేది. కొన్నాళ్ళకు అవి తీసేసింది. ఉత్తరం పడవలో, లైఫ్ జాకెట్లు పెట్టే పెట్టె అడుగున ఉంది. అవతలి ఒడ్డు నుంచి మరో ఉత్తరం రాలేదు. ఆ ఉత్తరానికి మఫద్దల్ జవాబు రాయలేదు.